ఊరందరికీ నా బీగం

2022 సంక్రాంతికి మూడు రోజుల ముందు మా అక్క దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చింది.

"నువ్వు రాసిండేది చూసి అంతా చేసినా. తాళంచెవి దీంట్లో పెట్టినా. దాని పాస్‌వర్డు గూడా కింద రాసినా, మళ్ళీ నువ్వు అడిగే పని లేకుండా."

కింద నిజంగానే పాస్‌వర్డ్ ఉంది. జతచేసిన ఫైలు పేరు చివర 'సీక్రెట్' అని ఉంది. నాతో పాటు, హైదరాబాద్‌లో వకీలుగా పనిచేస్తున్న తన కాలేజీ స్నేహితురాలికి కూడా అదే మెయిల్ వెళ్ళింది.

ఈమెయిల్ ఎన్‌క్రిప్షన్ గురించి కొంచెం తెలిసినవాళ్ళకి ఇది చదవగానే నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. ప్రపంచంలో ఎవరికీ ఇవ్వకూడని ఒకే ఒక్క ఫైలుని, దాన్ని తెరిచే పాస్‌వర్డ్‌తో సహా, మామూలు మెయిల్లో ఇద్దరికి పంపింది. నవ్వుతూనే నేను రాసిన పత్రం తెరిచి చూశాను. నాలుగో మెట్టు దగ్గర ఇలా ఉంది: "ఇప్పుడు మీ తాళంచెవిని ఒక ఫైలుగా భద్రపరచి, మీరు ఉత్తరాలు రాసుకోవాలనుకునే వారికి పంపండి."

అక్క నేను చెప్పినట్లే చేసింది.

బతుకుతెరువుకి నేను బెంగళూరులో మాన్యువల్స్ రాస్తాను. సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళకీ వాడేవాళ్ళకీ మధ్య కూర్చుని, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో ఇంగ్లీషులో రాసే ఉద్యోగం. 2020 లాక్‌డౌన్‌లో గుర్రంకొండలో మా ఇంట్లోనే కొన్ని నెలలున్నాను. పగలు ఆఫీసు పని, సాయంత్రం మిద్దె మీద కొండని చూస్తూ కూర్చోవడం. ఖాళీగా ఉండలేక, ఎన్‌క్రిప్షన్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం తెలుగులో ఒక పత్రం రాశాను. ఇరవై రెండు పేజీలు. తెలుగులో ఇలాంటిది నాకెక్కడా కనబడలేదు కాబట్టి గొప్ప పనే చేశాననుకున్నాను.

మొదటి ప్రతిలో నేను వాడిన మాటలు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎన్‌క్రిప్షన్‌కి 'గుప్తీకరణ'. పబ్లిక్ కీకి 'బహిరంగ కుంచిక'. ప్రైవేట్ కీకి 'వ్యక్తిగత కుంచిక'. అప్పుడే అక్కకి ఒక పేజీ చదివి వినిపిస్తే, "కుంచిక అంటే ఏందిరా, చిన్న కుంచమా?" అంది. వడ్లు కొలిచే కుంచం. సరే, జనానికి తెలిసిన మాట పెడదామని కుంచికల్ని అన్నిచోట్లా వెతికి 'తాళంచెవి' అని మార్చాను. ఒక్క నిమిషం పని. ఆ నిమిషంలోనే పత్రం చెడింది.

ఎందుకు చెడిందో చెప్పాలంటే ఈ సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కలు చెప్పాలి. మామూలు మెయిల్ పోస్టుకార్డు లాంటిది. దారిలో ఏ సర్వర్ దగ్గర ఆగితే అక్కడ చదవడానికి వీలుంటుంది. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అనే ఆయన పీజీపీ అనే ప్రోగ్రాం రాసి, మామూలు మనుషులు కూడా తమ ఉత్తరాలకి రక్షణ కల్పించుకునే వీలు తెచ్చాడు. తర్వాత అదే పద్ధతిలో వెర్నర్ కోచ్ జీపీజీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాశాడు. రెండింటిలోనూ కిటుకు ఒకటే. నీ దగ్గర ఒక జత ఉంటుంది. ఒకదాన్ని లోకమంతా పంచిపెట్టాలి, ఇంకోదాన్ని ప్రాణం పోయినా ఇవ్వకూడదు. పంచిపెట్టినదాంతో ఎవరైనా నీకు రాసే ఉత్తరాన్ని మూసెయ్యొచ్చు. తెరవడం మాత్రం నీ దగ్గరున్న రెండోదానికే సాధ్యం. మూసినవాడు కూడా మళ్ళీ దాన్ని తెరవలేడు.

ఇంగ్లీషులో ఈ రెండిటినీ 'కీ' అనే అన్నారు. ఒకటి పబ్లిక్ కీ, ఇంకోటి ప్రైవేట్ కీ. తాళంచెవిని ఊరంతా పంచమంటే ఎవరికైనా ఎలా అర్థమవుతుంది? మన తెలుగులో దీనికి ఇంకో తిరకాసు కూడా ఉంది. 'తాళం' అంటే లాక్. కానీ "బండి తాళాలు ఎక్కడ పెట్టావ్" అంటే వెతికేది చెవుల్ని. తాళం వేసే వస్తువుకీ తీసే వస్తువుకీ మనం ఒకే మాట సందర్భాన్ని బట్టి వాడేస్తాం. ఇంగ్లీషువాళ్ళ గందరగోళానికి నేను తెలుగు గందరగోళం కూడా కలిపి అక్క చేతిలో పెట్టాను.

ఇది అక్క ఒక్కదాని సమస్య కాదు. 1999లో ఆల్మా విటెన్, జె.డి. టైగర్ అనే ఇద్దరు పరిశోధకులు పన్నెండు మందిని పిలిచి, పీజీపీ 5.0 ఇచ్చి, ఒక రహస్య సమాచారాన్ని భద్రంగా పంపమని తొంభై నిమిషాలు టైమిచ్చారు. ఆ లోపల సరిగ్గా పంపగలిగినవాళ్ళు మూడోవంతు. ముగ్గురు పొరపాటున రహస్యాన్ని ఎన్‌క్రిప్ట్ చెయ్యకుండానే పంపేశారు. ఏడుగురు అవతలివాళ్ళ కీతో కాకుండా తమ సొంత పబ్లిక్ కీతోనే మూసి పంపారు. అంటే తమ బీరువాలో పెట్టి తాళం వేసి, బీరువాని వాళ్ళింటికి పంపినట్లు. జానీ అనేవాడు ఎందుకు ఎన్‌క్రిప్ట్ చెయ్యలేకపోతున్నాడు అన్న అర్థం వచ్చే పేరుతో వాళ్ళు రాసిన ఆ వ్యాసం ఈ రంగంలో చాలా ప్రసిద్ధం. నేనూ చదివాను, ఆఫీసులో పదిసార్లు దాని పేరు వాడాను. అయినా నా పత్రాన్ని ఒక్క మనిషి చేత కూడా నా కళ్ళ ముందు చేయించి చూడలేదు.

పండక్కి ఊరెళ్ళాను. భోగి మర్నాడు మధ్యాహ్నం, అక్క కొడుకు వాడి పాత ల్యాప్‌టాప్ తెచ్చి వసారాలో పెట్టాడు. అక్క మదనపల్లె బీటీ కాలేజీలో డిగ్రీ చదివింది. కుట్టుమిషను ఉంది, పొదుపు సంఘాల లెక్కలు రాస్తుంది. లెక్కల్లో ఎవరూ ఆమెని తప్పు పట్టలేరు. అటువంటి మనిషి నా పత్రం చదివి తప్పు చేసిందంటే తప్పు ఎక్కడుందో ఇంక వెతకక్కర్లేదు.

రెండు నియమాలు పెట్టుకున్నాను. మౌస్ ముట్టుకోకూడదు. అక్క అడిగినా సమాధానం చెప్పకూడదు, నోట్‌బుక్‌లో ఆమె ఆగిన చోటు రాసుకోవాలి. రెండో నియమం పది నిమిషాలు కూడా నిలవలేదు. "మూగోని మాదిరి కూర్చోని ఏం రాసుకుంటాండావు? చెప్పు!" అని కసిరింది.

ఆ మొదటి మెయిల్‌తో బయటపడ్డ జతని రద్దు చేసి కొత్తది చెయ్యాలి. ఎందుకు రద్దు చెయ్యాలో వివరించబోయాను. "అక్కా, నువ్వు పంపింది పంపకూడని తాళంచెవి. రెండు తాళంచెవులు ఉంటాయి కదా, ఒకటి..."

"రెండు చెవులు ఎందుకుంటాయి? ఒక బీగానికి రెండు చెవులుంటే రెండూ ఒకటే గదా."

ఒక నిమిషం నాకు మాట రాలేదు. బీగం. మా వైపు లాక్‌ని బీగమే అంటాం. కన్నడం పక్కనే కాబట్టి ఆ మాట మాకు దగ్గర. ఇంటికి బీగం వేస్తాం, బీగంచెవి మొలతాడుకో కొంగుకో కట్టుకుంటాం. బీగం అంటే చెవి అని ఎప్పుడూ ఎవరూ పొరబడరు. చిన్నప్పట్నుంచి నోట్లో ఉన్న మాటని, ఇది మాండలికం, పత్రంలో బాగుండదు అని నేనే పక్కన పెట్టాను.

"అక్కా, నువ్వు బీగాలు అమ్మేదానివి అనుకో. ఒకే రకం బీగాలు వెయ్యి చేయించినావు. అన్నిటికీ ఒకటే చెవి, అది నీ కొంగున ఉంది. బీగాలు మాత్రం తెరిచిపెట్టి ఊరందరికీ ఊరికే పంచినావు. నీకేమన్నా పంపాలంటే వాళ్ళు ఒక డబ్బాలో పెట్టి, నీ బీగం నొక్కి పంపుతారు. నొక్కితే పడిపోతుంది, దానికి చెవి అక్కర్లేదు."

"తెరిచేది నేనే."

"నువ్వే."

"అయితే నేను లాయరమ్మకి పంపాలంటే ఆమె బీగం నా కాడ ఉండాల. నా బీగం గాదు."

1999లో ఏడుగురు తప్పిన చోటు అది. అక్క ఎవరూ చెప్పకుండానే దాటింది. తర్వాత కాసేపటికి, "మరి బీగం అనే రాసుండొచ్చు గదా ముందే" అంది. నోట్‌బుక్‌లో మొదటి పేజీలో ఆ మాట రాసుకున్నాను.

ఉపమానం అన్నిచోట్లా నిలవదు, అది కూడా చెప్పాలి. ఎన్‌క్రిప్షన్‌లో సంతకం అని ఇంకో పని ఉంది. అక్కడ కొంగున ఉన్న చెవితో ముద్ర వేస్తే, ఊరందరి దగ్గరున్న బీగంతో ఆ ముద్ర నిజమా కాదా అని చూడొచ్చు. బీగంతో సంతకం సరిచూడ్డం ఏమిటని అక్క అడిగింది. నా దగ్గర జవాబు లేదు. సంతకాల సంగతి మొత్తం తీసి పత్రం చివరకి పంపించాను. మొదటి రోజు అది తెలియకపోయినా ఉత్తరం వెళ్తుంది.

మిగతా ఆగిన చోట్లు వరసగా చెప్తాను.

బొమ్మలు. నేను పత్రం రాసింది థండర్‌బర్డ్‌లో ఎనిగ్‌మెయిల్ అనే అదనపు ముక్క పెట్టుకునే రోజుల లెక్కన. 2020లోనే థండర్‌బర్డ్ 78తో ఆ సదుపాయం లోపలికే వచ్చేసింది, ఎనిగ్‌మెయిల్ అవసరం పోయింది. నా పత్రంలో ఉన్న మెనూలు అక్క తెరమీద లేవు. ఆమె మాత్రం తనకే కనబడలేదని కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వెతికింది. కొత్తవాళ్ళు పత్రాన్ని అనుమానించరు, తమనే అనుమానించుకుంటారు.

వేలిముద్ర. అవతలివాళ్ళ బీగం నిజంగా వాళ్ళదేనా అని తెలుసుకోవడానికి ప్రతి బీగానికీ ఒక పొడుగాటి సంఖ్య ఉంటుంది. ఇంగ్లీషులో ఫింగర్‌ప్రింట్ అంటారు. నేను నిజాయితీగా 'వేలిముద్ర సరిచూసుకోండి' అని రాశాను. అక్క బొటనవేలు ల్యాప్‌టాప్ మూల మీద పెట్టి నొక్కింది. రేషన్ షాపులో అట్లాగే కదా. నోట్‌బుక్‌లో 'వేలిముద్ర' కొట్టేసి 'బీగం నంబరు' అని రాసుకున్నాను. ఇత్తడి బీగాల మీద నంబరు కొట్టి ఉండడం ఆమెకి తెలుసు.

ఆ నంబరు నలభై అక్షరాలు. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు. మెయిల్లో అడిగితే లాభం లేదు, మధ్యలో ఎవరన్నా మార్చగలిగితే అదీ మారుస్తారు. గొంతు గుర్తుపట్టగలిగే ఫోన్లో చదువుకోవాలి. అక్క లాయరమ్మకి ఫోన్ చేసింది. బీకీ డీకీ తేడా వినబడక, ఇద్దరూ కలిసి అప్పటికప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఏ అంటే అంగళ్ళు, బీ అంటే బి.కొత్తకోట, సీ అంటే చిత్తూరు, డీ అంటే ధర్మవరం, ఈ అంటే ఏలూరు. ఎఫ్‌కి ఊరు దొరకలేదు, ఫ్యాను అన్నారు. "అంగళ్ళు, మూడు, ఫ్యాను, ఫ్యాను, ధర్మవరం" అని అక్క చదువుతుంటే పక్కింటి పిల్లలు వచ్చి నిలబడి చూశారు. ఆ పట్టిక ఇప్పుడు పత్రంలో ఉంది.

సరిచూశాక థండర్‌బర్డ్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ కీని ఒప్పుకుంటావా? వద్దు, ఇంకా తేల్చుకోలేదు, ఒప్పుకుంటాను గానీ సరిచూడలేదు, స్వయంగా సరిచూశాను. ఇవీ జవాబులు. నేను పాత పత్రంలో "చివరిది ఎంచుకోండి" అని ఒక్క ముక్కలో రాసి వదిలేశాను. సరిచూడమని చెప్పేలోపే సరిచూశానని అబద్ధం చెప్పమన్నానన్నమాట.

జత మనిషి. "ఇప్పుడు మీ స్నేహితుడికి ఒక పరీక్ష ఉత్తరం పంపండి" అని నా అయిదో మెట్టు. గుర్రంకొండలో పీజీపీ ఉన్న స్నేహితుడు ఎవరికి ఉంటాడు? ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వాళ్ళు 2014లో కొత్తవాళ్ళ కోసం ఒక మార్గదర్శి పెట్టినప్పుడు ఈ సంగతి ఆలోచించారు. ఎడ్వర్డ్ అని ఒక ప్రోగ్రాం తయారుచేశారు. దానికి నీ బీగం పంపితే, దాంతోనే మూసి జవాబు ఇస్తుంది. తప్పు చేసినా ఎడ్వర్డ్ ఏమీ అనుకోడు. ఆ సదుపాయం నాకు తెలిసీ, ఎందుకో అనవసరమనుకుని నా పత్రంలో వదిలేశాను. తెలిసినవాడికి ఎప్పుడూ తోడు అక్కర్లేదు కదా.

పోగొట్టుకోవడం. ఇక్కడ అక్క చాలాసేపు ఆగింది.

"ఈ చెవి పోతే?"

"పాత ఉత్తరాలు ఇంక తెరవలేం."

"ఫర్గాట్ పాస్‌వర్డ్ ఉండాది గదా అన్నిట్లో."

"దీంట్లో లేదక్కా. ఎవరూ తెరవలేరు."

"నువ్వు గూడానా?"

"నేను గూడా."

నేను అది లోపంలాగా చెప్పాను. ఆమె తల ఊపి, "అయితే ఇది మంచిదే" అంది. నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, రాగుల డ్రమ్ములో అడుగున దాచింది.

ఇంత ఓపిక ఎందుకు పడుతోందా అని నాకు అప్పుడు అనుమానం వచ్చింది. పడాల్సిన అవసరం లేనివాళ్ళు పడరు. 2012 డిసెంబరులో ఎడ్వర్డ్ స్నోడెన్ మారుపేరుతో గ్లెన్ గ్రీన్‌వాల్డ్ అనే పాత్రికేయుడికి రాసి, నీతో మాట్లాడాలి, ముందు పీజీపీ పెట్టుకో అన్నాడు. ఆయన పెట్టుకోలేదు. మెట్టు మెట్టుగా రాసి పంపాడు, వీడియో కూడా చేసి పంపాడు. అయినా పెట్టుకోలేదు. స్నోడెన్ చివరికి అప్పటికే ఎన్‌క్రిప్షన్ వాడడం తెలిసిన లారా పోయిట్రస్ దగ్గరికి వెళ్ళాడు. గ్రీన్‌వాల్డే ఇదంతా తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన చేతకానివాడు కాదు. ఆ ఉత్తరాలు రాస్తున్నది ఎవరో, ఏం చెప్పబోతున్నాడో ఆయనకి తెలియదు, అంతే. మాన్యువల్ ఎంత బాగున్నా, ఎందుకు అన్నది మొదటి పేజీలో లేకపోతే రెండో పేజీ తిప్పరు.

అక్క 'ఎందుకు' ఏమిటో రెండో రోజు సాయంత్రం చెప్పింది.

సంఘంలో ఒకామె. ఇంట్లో కొడతాడు. రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళింది. ఆ కాగితాలు, ఫొటోలు, ఆమె రాసిన నాలుగు పేజీలు లాయరమ్మకి చేరాలి. ఆమె గురించి ఇంతకంటే రాయను. ఈమాత్రం రాయడానికి కూడా అక్క ద్వారా అడిగించి, ఆమె సరేనన్నాకే రాస్తున్నాను.

"ఇదంతా చేసినాక," అంది అక్క, "ఆయప్ప ఆ పాప ఫోను తీసి చూస్తే?"

నా ఇరవై రెండు పేజీల్లో దానికి ఒక్క వాక్యం లేదు. ప్రభుత్వాలున్నాయి, సర్వర్లున్నాయి, అమెరికా నిఘా సంస్థలున్నాయి. 2015లో మన ప్రభుత్వం తెచ్చిన ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా, పంపిన సందేశాల అసలు పాఠాన్ని తొంభై రోజులు దాచుకోవాలని అందులో పెట్టడం, గొడవ కాగానే వెనక్కి తీసుకోవడం, అన్నీ ఉన్నాయి. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పిన తీర్పు గురించి ఒక పేరా ఉంది. పక్క గదిలో ఉన్న మొగుడు లేడు. ఫోన్ ప్యాటర్న్ ఆయనకి తెలుసు. ఆమె జీమెయిల్ ఆయన ఫోన్లో కూడా తెరిచే ఉంది. ఉత్తరం దారిలో ఎంత భద్రంగా ఉన్నా, బయల్దేరే చోట ఆయన కూర్చుని ఉన్నాడు.

మాకు ఎదురుగా కొండ. హైదర్ అలీ, టిప్పు, మరాఠాలు, నిజాం, చివరికి కుంపిణీవాళ్ళు, అందరూ ఆ కోట కోసం కొట్టుకున్నారు. మా అవ్వ చెప్పే కథలో కొండమీద ఒక గుర్రం కాపలా ఉండేది. అది ఉన్నంతకాలం కోట ఎవరికీ చిక్కదు. ఒక మరాఠా దొంగ, మనిషన్నవాడు ఎక్కలేడని అందరూ అనుకున్న నిట్టనిలువు బండకి ఇనపమేకులు కొట్టుకుంటూ రాత్రికి రాత్రి ఎక్కి, గుర్రాన్ని దించుకుపోయాడు. మేం పిల్లలప్పుడు దొంగ తెలివికి ఆశ్చర్యపోయేవాళ్ళం. ఆ సాయంత్రం అక్క అడిగాక నాకు కోటలోవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళు గోడలు బాగానే కట్టారు. ఎవడు, ఎటునుంచి వస్తాడని మాత్రం అడుక్కోలేదు.

"నీ పుస్తకంలో ముందు అది రాయి," అంది అక్క. "ఎవరి నుంచి దాచుకుంటాండావు అని. మొగుడైతే ఒక దారి, పోలీసులైతే ఒక దారి, ఆఫీసోళ్ళయితే ఒక దారి."

ఇంకోటి కూడా అంది. పత్రం మొదట్లో నేను "రహస్యాలు కాపాడుకోవడం ఎలా" అని పెట్టాను. "రహస్యం అంటే ఏదో తప్పు చేసినట్లుండాది. గుట్టు అను."

గుట్టు మంచి మాట. కానీ ఆ మాటతోనే ఆమె నోరు ఇన్నేళ్ళూ మూయించారు కదా అన్నాను. ఇంటి గుట్టు బయట పెడతావా అనే కదా అత్తగారు అంది. అక్క కాసేపు ఆలోచించి, "ఇంటి గుట్టు అంటే ఇంట్లో వాళ్ళందరిదీ. ఇది ఆ పాప గుట్టు. ఎవరికి చెప్పుకోవాల్నో ఆ పాప ఇష్టం" అంది. గోప్యత గురించి తీర్పు మీద నేను రాసిన పేరా తీసేసి ఆ మాట పెట్టాను.

ఏం చేశామంటే, ఆమె ఫోన్‌ని ఈ వ్యవహారంలోకి అసలు తేలేదు. బట్టలు కుట్టించుకునే వంకతో మా ఇంటికి వచ్చింది. ఆసుపత్రి కాగితాల్ని అక్క ఫోన్‌తో ఫొటో తీసి, ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోన్లోంచి తీసేసింది. ఆ నాలుగు పేజీలు ఆమే కూర్చుని మళ్ళీ టైప్ చేసుకుంది, తెలుగులో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. నేను మిద్దె మీద ఉన్నాను. లాయరమ్మ బీగం వేసి అక్క పంపింది. అరగంటకి అక్క బీగంతో మూసిన జవాబు వచ్చింది. చెవి పెట్టి తెరిచింది. ఏం రాసిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, వాట్సాప్‌లో పంపితే పోయేది కదా అని. అడగాల్సిన ప్రశ్నే. 2016 నుంచి వాట్సాప్ సందేశాలకి ఇదే రకం రక్షణ ఉంది, వాడేవాళ్ళు ఒక్క బటన్ కూడా నొక్కకుండానే. ఆ రకంగా చూస్తే ఈమెయిల్ ఎన్‌క్రిప్షన్ వాళ్ళం ముప్పై ఏళ్ళుగా మాన్యువల్స్ రాస్తూనే ఉన్నాం. లాయరమ్మ ఆఫీసు కాగితాలు మెయిల్లోనే తీసుకుంటుంది, మూసినవే తీసుకుంటుంది, అందుకని మాకు ఈ దారి. ఇద్దరి దగ్గరా సిగ్నల్ ఉండి, రెండు ఫోన్లూ వాళ్ళ చేతుల్లోనే ఉంటే అదే వాడండి, ఈ పత్రం మూసెయ్యండి అని కొత్త పత్రం రెండో పేజీలో రాశాను. బీగం వేసినా ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారో కనబడుతూనే ఉంటుందని కూడా రాశాను. కవరు మీద చిరునామా లేకుండా పోస్టు నడవదు.

ఇరవై రెండు పేజీలు ఇప్పుడు తొమ్మిదయ్యాయి. చరిత్ర పోయింది, సంతకాలు చివరికి పోయాయి, జిమ్మర్‌మన్ పోయాడు. మొదటి పేజీలో బొమ్మలు లేవు, ఒక ప్రశ్న, దాని కింద నాలుగు దారులు. ప్రశ్న అక్కదే: ఎవరి నుంచి?

ఆ తర్వాత మదనపల్లెలో ఇద్దరితో, బెంగళూరులో ఒకరితో కూర్చుని చేయించాను, మౌస్ ముట్టుకోకుండా. బెంగళూరు అబ్బాయి కోస్తావాడు. 'బీగం' దగ్గర ఆగాడు. "బీగం అంటే?" అన్నాడు. కోపం వచ్చింది గానీ నోరు మూసుకుని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇప్పుడు పత్రంలో మొదటిసారి వచ్చినచోట 'బీగం, అంటే తాళంకప్ప' అని ఉంది. మా అక్కకి ఆ 'తాళంకప్ప' నచ్చలేదు. కప్ప యాడ నుంచి వచ్చిందిరా అంటుంది.

కేసు నడుస్తోంది. ఆమె ఇప్పుడు పుట్టింట్లో ఉంది. అక్క ల్యాప్‌టాప్‌లో ఇంకో ఇద్దరి ఉత్తరాలు కూడా ఉన్నాయని మొన్న ఫోన్లో మాటవరసకి అంది. ఎవరివి అని అడగబోయి ఆగాను. చెవి భద్రమేనా అని మాత్రం అడిగాను.

"రాగుల డ్రమ్ములో ఉండేది తీసేసినా," అంది. "నువ్వు దాని గురించి యాడో రాస్తాననింటివి గదా. వేరే చోట పెట్టినా."

ఎక్కడ పెట్టావని అడగలేదు.